పాత కెమెరా మీద నింద

ఫిబ్రవరి 5, సోమవారం

పద్నాలుగేళ్ల కెమెరా. ఇక చాలు, మార్చాలి.

ఇంజనీరు మేడం ఈరోజు నా నవంబరు ఫొటోలన్నీ బల్ల మీద పరిచింది. అనుమానం ఉన్న ఫొటో మూలన ఎర్ర చుక్క అంటించడం ఆవిడ అలవాటు. అందుకే వెనకాల అందరం చుక్కల మేడం అంటాం. మామూలుగా నా ఫొటోల మీద ఒకటో రెండో ఉంటాయి. ఈరోజు పందొమ్మిది.

“ఇవి మసగ్గా లేవూ?” అంది.

“లెన్సు మీద తేమ మేడం. పొద్దున్నే నది మీద మంచు…”

“ఇందులో మధ్యాహ్నం తీసినవి కూడా ఉన్నాయి.”

“కెమెరా ముసలిదైపోయింది.” ఆ మాట నా నోటి నుంచి రావడం ఇదే మొదలు. అనేశాక నిజమే కదా అనిపించింది.

“మరి రీడింగులు? వాటికేం ఢోకా లేదు కదా?”

“రీడింగులకేం మేడం! అవి నా కంటితో చూసి చెప్పినవి.”

ఆవిడ తల ఊపింది. ఫొటోలు తీసి ఫైల్లో పెట్టుకుంది. చుక్కలు మాత్రం పీకలేదు.

వంతెన కింద పగుళ్లకు ఫొటోలు తీసే ఉద్యోగం అంటే చుట్టాలందరికీ నవ్వులాట. పెళ్లిళ్లలో తీస్తే భోజనమైనా దొరికేది కదా అంటారు. ఇరవై రెండు స్తంభాలు, వాటి మీద దూలాలు. మూడు నెలలకొకసారి లిఫ్ట్ లారీ తొట్టిలో నిలబడి, ప్రతి పగులు పక్కనా సన్నవీ లావువీ గీతలున్న కార్డు పెట్టి, పగులు ఏ గీత అంత లావుందో లెన్సులోంచి చూసి చెప్పాలి. లారీ డ్రైవరు కాగితం మీద రాసుకుంటాడు. దాన్ని నమ్మి మేడం ‘ఇంకో మూడు నెలలు పరవాలేదు’ అని సంతకం పెడుతుంది. నవ్వేవాళ్లందరూ ఆ వంతెన మీద నుంచే ఇళ్లకు పోతారు.

వచ్చేవారం ఫిబ్రవరి రౌండు మొదలు.

ఫిబ్రవరి 7

బావ దుకాణానికి వెళ్లాను. అక్కను చేసుకోక ముందు నుంచీ కెమెరాలు బాగుచేస్తున్నాడు. మాటకంటే ముందు స్క్రూడ్రైవరు చేతిలోకి వస్తుంది.

గోడకు గీతల చార్టు తగిలించి, కెమెరాను స్టాండు మీద పెట్టి ఇరవై ఫొటోలు తీశాడు. పెద్దవి చేసి చూపించాడు. ప్రతి గీతా సూదితో గీసినట్టుంది.

“దీనికేం రోగం లేదు బామ్మర్దీ. నీకంటే ఆరోగ్యంగా ఉంది.”

“ఆటోఫోకస్‌తో తీశావు. సిమెంటు మీద ఆటోఫోకస్ పని చెయ్యదు. పట్టు దొరక్క ముందుకీ వెనక్కీ ఊగుతుంది. నేను చేత్తో తిప్పి తీస్తాను.”

“సరే, చేత్తోనే చూద్దాం.” వ్యూఫైండర్‌కు కన్ను ఆనించి, రింగు తిప్పి ఇంకో పది తీశాడు. అవీ అలాగే ఉన్నాయి. కెమెరా నా వైపు తోశాడు. “ఇప్పుడు నువ్వు తియ్యి.”

ఇంటికి ఆలస్యమవుతోందని వచ్చేశాను. నిజంగానే ఆలస్యమైంది.

ఫిబ్రవరి 8

సొంత బామ్మర్దికి కొత్త కెమెరా అంటగట్టడం కూడా చేతకాని మనిషి. వ్యాపారం ఎలా చేస్తున్నాడో.

ఫిబ్రవరి 11, ఆదివారం

కొత్తవాటి గురించి పొద్దుటి నుంచి చదువుతున్నాను. ఒకటి నచ్చింది. అదీ ఫుల్ ఫ్రేమే, లోపల బొమ్మ పడే పలక పాతదాని సైజే, కాబట్టి పాత ఫొటోలతో పోల్చడానికి ఇబ్బంది ఉండదు. బరువు సగం. లోపల అద్దం ఉండదు. వ్యూఫైండర్‌లో కనిపించేది చిన్న తెర. అసలు సంగతి ఏమిటంటే, ఫోకస్ కుదిరిన చోట అంచులు ఎర్రగా మెరుస్తాయట. ఎరుపు వచ్చిందా, నొక్కు. అంతే. చూసే బాధ్యత కూడా అదే మోస్తుంది.

అయినా మనసు ఒప్పదు. పాత దాని ప్రతి బటనూ నా వేళ్లకు తెలుసు. ఎక్కడ రబ్బరు ఊడిందో, ఎక్కడ నా చెమటకు రంగు పోయిందో తెలుసు. వంతెన మీద మొదటి బస్సు నడిచిన ఏడాది నుంచి దాని ప్రతి పగులూ ఇదే కెమెరా తీసింది. ఏ లోపమూ లేని దాన్ని పక్కన పెట్టాలంటే…

ఏ లోపమూ లేదని బావ అన్నాడు. నేను కాదు.

వంటింట్లో టైల్స్ వేసిన మేస్త్రీ ఎవడో గానీ గీత తిన్నగా వెయ్యడం రాదు. మధ్యలో వంకర పోయింది. ఇన్నేళ్లూ ఎలా చూడలేదో. మా ఆవిడతో అంటే, ఆవిడ గోడ వంక చూసి, తర్వాత నా వంక చూసి, “తిన్నగానే ఉంది కదండీ” అంది. లెక్కల టీచరు. తిన్నగా ఉందని ఆవిడ అంటే స్కూల్లో ఎవరూ ఎదురు చెప్పరు. నేనూ చెప్పలేదు.

బావ ఒక కొత్త కెమెరా వారం రోజులు వాడుకోమన్నాడు. “వాడి చూడు. నచ్చితే అప్పుడు మాట్లాడదాం” అన్నాడు. గొంతులో ఏదో ఉంది.

ఫిబ్రవరి 13

అద్భుతం!

లారీ డ్రైవరును అందరూ నిదానం అంటారు. అతను తొట్టిని పైకి లేపే వేగం అలాంటిది మరి. అతనికే ఈరోజు నన్ను అందుకోవడం కష్టమైంది. ఎరుపు, నొక్కు. ఎరుపు, నొక్కు. ఆరు స్తంభాలు ఒక్క రోజులో.

“అన్నా, ఈరోజు కొత్త పెళ్లికొడుకులా ఉన్నావే!” అన్నాడు.

ఫొటోలు కంప్యూటర్లో పెద్దవి చేసి చూశాను. ఇసుక రేణువు కూడా లెక్కపెట్టొచ్చు. రీడింగులు కూడా ఇక తెర మీదే చూసి రాసుకుంటాను, తొట్టిలో నిలబడి అవస్థ పడక్కర్లేదు.

కాబట్టి రాసిపెట్టుకుంటున్నాను: తప్పు కెమెరాదే. తప్పు కెమెరాదే.

ఫిబ్రవరి 14

పదకొండో స్తంభం, ఎడమ దూలం, దూలం ఆనే బేరింగుకు జానెడు పైన ఉన్న పగులు. తెర మీద చూస్తే 0.6 మిల్లీమీటర్లు.

మళ్లీ చూశాను. 0.6.

నవంబరు కాగితం తీశాను. 0.3, మార్పు లేదు. నేను చెప్పిన అంకె, నిదానం చేతిరాత. ఆఫీసులో మేడం ఫైల్లోంచి నవంబరు ఫొటో బయటికి తీశాను. పొగమంచు. కార్డు మీద గీతలే ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మూలన ఎర్ర చుక్క.

ఆగస్టు ఫొటో కూడా బయటికి తీశాను. స్పష్టంగా ఉంది. 0.3.

ఏ రోజు ఫొటోలు ఆ రోజే ఇవ్వాలని మేడం రూలు. ఎక్కడా రాసిపెట్టిన రూలు కాదు. రౌండు మొత్తం పూర్తయ్యాక ఒకేసారి ఇస్తే ఆవిడకే పోల్చుకోవడం సులువు.

ఫిబ్రవరి 15, గురువారం

పొద్దున మా ఆవిడ స్కూలుకు బయల్దేరుతుంటే, మా కొత్త వంతెన మీది బస్సు వద్దు, ఎగువన పాత వంతెన మీదుగా వెళ్లే బస్సు ఎక్కమన్నాను.

“అరగంట ఎక్కువ పడుతుందండీ.”

“ట్రాఫిక్ బాగా ఉంటోంది. దుమ్ము కూడా.”

“అటువైపు దుమ్ము ఉండదా?”

“చెప్పినట్టు చెయ్యి.” కాస్త గట్టిగానే అన్నాను. ఇరవై ఏడేళ్లలో ఆ గొంతుతో మాట్లాడినట్టు గుర్తులేదు. ఆవిడ బ్యాగు తీసుకుని బయల్దేరింది. పాత వంతెన బస్సే ఎక్కింది. కిటికీలోంచి చూశాను.

ఫిబ్రవరి 16

వంటింటి గోడ ముందు నిలబడి ఎడమ కన్ను మూసి చూశాను.

ఏమీ రాయను.

ఫిబ్రవరి 17, శనివారం

నవంబరులో ఏం జరిగిందో ఒకసారి రాసేస్తాను. ఎవరూ చదవరు కదా.

మూడో రోజు నుంచే వ్యూఫైండర్‌లో ఏదో తేడాగా ఉంది. నేను చూడాలనుకున్న చోటే, సరిగ్గా మధ్యలో, వేలితో రుద్దినట్టు మసక. లెన్సు తుడిచాను. వ్యూఫైండర్ అద్దం తుడిచాను. కార్డు మీద ఏ గీతకు పగులు సరిపోతోందో తేలలేదు. కింద గట్టు రోడ్డు మీద ట్రాఫిక్ ఆపి పెట్టారు, హారన్లు మోగుతున్నాయి, పెన్ను పట్టుకుని నిదానం ఎదురుచూస్తున్నాడు. చేతిలో ఆగస్టు కాగితం ఉంది. దాన్ని చూసి “పాయింట్ మూడు” అన్నాను. “మార్పు లేదు” అన్నాను. ఎన్నడూ మారని పగులే కదా అనుకున్నాను.

ఒకసారి అనడం వచ్చాక రెండోసారి కష్టం కాలేదు. అలా పందొమ్మిది.

ఇది కెమెరా మార్చాలా వద్దా అన్న ప్రశ్న. అలా అని రెండు వారాల నుంచి రాస్తున్నాను.

కొత్తది కొనేస్తే ఇక ఎవరికీ తెలిసే పని లేదు. ఎర్ర అంచు చూపిస్తుంది, నేను నొక్కుతాను. పదకొండో స్తంభం సంగతి ఉన్నదున్నట్టు ఇస్తాను: నవంబరులో 0.3, ఇప్పుడు 0.6. మూడు నెలల్లో రెట్టింపు. మేడం పరుగెత్తుకుంటూ వచ్చి వంతెన మూయిస్తుంది. పగులు పట్టుకున్నవాణ్ని నేనే అవుతాను. అబద్ధం ఒక్కటే, అదీ పాతది.

మిగతా పద్దెనిమిది అంకెలు మాత్రం అలాగే ఉండిపోతాయి. ఆ పద్దెనిమిదిలో ఆరింటిని మాత్రమే ఇప్పుడు మళ్లీ తీశాను. చివరి స్తంభాలు ఇంకా మిగిలే ఉన్నాయి. రౌండు పూర్తి కావడానికి ఇంకో వారం.

సోమవారం ఇస్తాను. ఈ రెండు రోజుల్లో కొంపలేం మునగవు.

ఫిబ్రవరి 18, ఆదివారం

వరుసగా రాస్తాను.

పొద్దున పది గంటలకు మా ఆవిడ డైనింగు బల్ల దగ్గర పరీక్ష పేపర్లు దిద్దుతోంది. నేను ఎదురుగా కూర్చుని కొత్త కెమెరా పుస్తకం తిరగేస్తున్నాను. ఒకే పేజీ చాలాసేపటి నుంచి. తలెత్తకుండానే అడిగింది.

“రేపు ఏ బస్సు ఎక్కమంటారు?”

“పాత వంతెనదే.”

“ఎన్నాళ్లు?”

“కొన్నాళ్లు.”

ఎర్ర పెన్ను పక్కన పెట్టింది. “నాకు ట్రాఫిక్ కథలు చెప్పొద్దు. ఆ వంతెనకేమైంది?”

ఏమీ కాలేదన్నాను. అయి ఉండొచ్చన్నాను. చిన్న పగులే అన్నాను. మూడు మాటలూ ఒక్క ఊపిరిలో వచ్చాయి.

“మేడంకు చెప్పారా?”

“రేపు చెబుదామని.”

“నాకు గురువారమే చెప్పారు.”

నేను పుస్తకం మూశాను.

“మా తొమ్మిదో తరగతిలో ముప్పై నలుగురున్నారు. వాళ్లలో ఇరవై మందికి పైగా ఆ బస్సులోనే వస్తారు. గురువారం వచ్చారు, శుక్రవారం వచ్చారు. నేను మాత్రం హాయిగా చుట్టూ తిరిగి వచ్చి వాళ్లకు పాఠం చెప్పాను. నన్నెందుకండీ ఇందులోకి లాగారు?”

గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది. ముందున్న పేపరు మీద సగం దిద్దిన లెక్క ఉంది, దాని కింద ఎవరో పిల్ల గుండ్రటి అక్షరాలతో రాసుకున్న పేరు.

అప్పుడు మొత్తం చెప్పాను. కన్ను సంగతి కూడా. చెబుతూ ఎడమ కన్ను మూసి ఆవిడ వైపు చూశాను. చెవులు కనిపించాయి, జుట్టు కనిపించింది. మొహం ఉండాల్సిన చోట మసక. అది మాత్రం చెప్పలేదు.

ఆవిడ లేచి నా ఫోను తెచ్చి చేతిలో పెట్టింది. పక్కనే నిలబడింది.

మేడం ఇంట్లో ఉన్నట్టుంది, వెనక కుక్కర్ కూత వినిపించింది. పదకొండో స్తంభం అన్నాను. పాయింట్ ఆరు అన్నాను. కూత ఆగిపోయింది.

“నవంబరులో పాయింట్ మూడు కదా?”

“కాగితం మీద అంతే ఉంది.”

“కాగితం సంగతి కాదు నేనడిగేది. మీరు చూశారా? మూడు నెలల్లో ఇంత పెరిగిందంటే ఈ క్షణమే మూయించాలి. ఎప్పుడో పెరిగి ఆగిపోయిందంటే వేరే లెక్క. నవంబరులో పాయింట్ మూడని మీకు ఖచ్చితంగా తెలుసా?”

తెలుసు అంటే అయిపోయేది. వంతెన ఎలాగూ మూస్తారు. నోటి దాకా వచ్చింది.

“తెలియదు మేడం. నాకు కనిపించలేదు. కుడి కన్ను పోతోంది. ఆగస్టు కాగితం చూసి అంకెలు చెప్పాను. పదకొండు ఒక్కటే కాదు, మీరు చుక్కలు పెట్టినవన్నీ.”

అటు నుంచి కుర్చీ లాగిన చప్పుడు వచ్చింది.

“పందొమ్మిదీనా?”

“పందొమ్మిదీ.”

“కెమెరా అన్నారు.”

“అబద్ధం చెప్పాను.”

“ఫోను దగ్గరే ఉండండి” అని పెట్టేసింది.

ఒంటి గంటకల్లా వంతెనకు రెండు వైపులా అడ్డుకంచెలు పెట్టారు. మా ఆవిడ మళ్లీ పేపర్ల ముందు కూర్చుంది. సాయంత్రం దాకా ఒక్క పేపరు కూడా తిప్పలేదు.

ఫిబ్రవరి 21

వేరే ఊరి నుంచి ఇద్దరిని పిలిపించి పందొమ్మిది చోట్లా మళ్లీ చూశారు. నన్ను పైకి రానివ్వలేదు. లారీ పక్కన నిలబడ్డాను.

పదహారు చోట్ల మార్పు లేదు. ఎనిమిదో స్తంభంలో కొంచెం. పదిహేడులో కొంచెం. పదకొండులో దూలం కింద బేరింగు బిగుసుకుపోయిందట. ఎండకు దూలం సాగడానికి చోటు లేక పగులుతోంది. 0.6 కాస్తా ఇప్పటికే 0.7. ఇంకో ఎండాకాలం బరువు మోయించి ఉంటే అని ఒకాయన మొదలుపెట్టి, నన్ను చూసి ఆపేశాడు.

ఎవరికీ ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు.

నిదానాన్ని కూడా పిలిచి గంటన్నర ప్రశ్నలు వేశారు. బయటికొచ్చి నా పక్కన నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను.

“నువ్వు చెప్పింది రాశానన్నా. నేను కూడా తొట్టిలోనే ఉన్నాను కదా. ఒక్కసారి వంగి చూస్తే నా సొమ్మేం పోయేది?”

నన్ను పని నుంచి తీసేస్తూ కాగితం ఇచ్చారు. ఊరంతా వంతెన మూసినవాళ్లను తిట్టుకుంటూ చుట్టూ తిరిగి పోతోంది.

మార్చి 4

కంటి డాక్టరు. కుడి కంటి వెనక పొరలో, సరిగ్గా చూపు పడే చోట, చిన్న కంత.

“రెండు కళ్లూ తెరిచి ఉంటే ఎడమది సర్దేస్తుంది, తేడా తెలియదు. ఒక్క కన్నుతో చూసే పని ఏదైనా ఉందా మీకు?”

మా ఆవిడ నవ్వేసింది. రెండు వారాల తర్వాత మొదటి నవ్వు. ఆ వెంటనే కళ్లు తుడుచుకుంది.

ఆపరేషను పన్నెండున.

మార్చి 15

అక్షరాలు పెద్దవి. నోటుబుక్కు నేల మీద. కంట్లో గాలిబుడగ పెట్టారు. అది కంతకు ఆనుకుని ఉండాలంటే వారం రోజులు మొహం కిందికే. తినడం అలాగే, పడుకోవడం అలాగే.

మనుషులు నాకిప్పుడు పాదాలు.

మధ్యాహ్నం మట్టి అంటిన బూట్లు వచ్చాయి. చుక్కల మేడం. కుర్చీ వేస్తుంటే వద్దని, నాకు కనిపించేలా నేల మీదే కూర్చుంది. బాగున్నారా అనలేదు.

“నవంబరు సంతకం నాది. ఫొటోలు మసగ్గా ఉన్నాయని నాకు అప్పుడే తెలుసు. ఫిబ్రవరిలో చుక్కలు పెట్టాను, సంతకం మాత్రం డిసెంబరులోనే పెట్టేశాను. మీరు కెమెరా ముసలిదైందంటే నాకూ ప్రాణం తేలికైంది. ఇంకో ప్రశ్న అడగక్కర్లేదు కదా.”

“తప్పు నాది మేడం.”

“మీదే. నాది కాదని అనడం లేదు, అంతే.”

టీ తాగి వెళ్లింది. గ్లాసు నేల మీదే వదిలేసింది. దాని గుండ్రటి అంచును చాలాసేపు కుడి కన్నుతో చూశాను. ఏమీ తెలియలేదు. బుడగ ఊగుతోంది.

జులై 8

కన్ను ఎంత బాగుపడాలో అంత పడిందని డాక్టరు అన్నాడు. మొహాలు కనిపిస్తున్నాయి. గీతలు మధ్యలో కొంచెం వంగుతాయి. అది ఇక ఉండిపోతుందట.

మేడం ఫోను చేసింది. బేరింగులు మార్చారు, వచ్చే నెల వంతెన తెరుస్తారు. ఇకపై ప్రతి రీడింగునూ ఇద్దరు విడివిడిగా చూసి, విడివిడిగా రాయాలట. కంటి సర్టిఫికెట్టు ఏడాదికోసారి ఇవ్వాలి. ఒప్పుకుంటే రమ్మంది. వెంటనే ఒప్పుకోలేదు. మళ్లీ ఆ తొట్టి ఎక్కాలంటే భయం.

“వెళ్లండి” అంది మా ఆవిడ. “ఇంట్లో కూర్చుని నా లెక్కల్లో తప్పులు పట్టడం కంటే అదే నయం.”

జులై 20

కొత్త కెమెరా తీసుకున్నాను. నా కంటికి ఆ ఎర్ర అంచు కావాలి. ఈ ముక్క చెప్పడానికి ఆరు నెలలు పట్టింది. చెబితే బావ వింతగా చూస్తాడనుకున్నాను. “ఆరోజు చార్టు ముందు నుంచి పారిపోయినప్పుడే తెలిసింది బామ్మర్దీ. అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు” అన్నాడు.

పాతదాన్ని దుకాణంలో అమ్మకానికి పెట్టాడు. చీటీ రాస్తూ, “లోపాలు ఏం రాయమంటావు?” అన్నాడు.

“ఏమీ లేవని రాయి.”

“మరి ఎందుకమ్ముతున్నారని అడుగుతారు.”

“నాకు ఫోను చెయ్యమను. నేను చెబుతాను.”

ఆగస్టు 19, సోమవారం

మొదటి రోజు. నిదానం తొట్టిని ఎప్పటికంటే నిదానంగా లేపాడు. పైన బస్సులు పోతుంటే దూలం సన్నగా అదురుతోంది. పదిహేడో స్తంభం దగ్గర కార్డు పెట్టాను. ఎరుపు వచ్చింది. నొక్కాను. ఫొటోను తెర మీద పెద్దది చేసి నా కాగితం మీద 0.4 అని రాశాను, చెయ్యి అడ్డు పెట్టుకుని, పరీక్షలో పిల్లాడిలా.

తర్వాత నిదానం చూశాడు. వంగాడు. కళ్లు చిట్లించాడు. ముందు కెమెరా తెర చూశాడు, తర్వాత కెమెరా పక్కకు జరిపి పగుల్నే చూశాడు. కింద హారన్లు మొదలయ్యాయి.

“త్వరగా” అనబోయి ఊరుకున్నాను.

అతను రాసి కాగితం చూపించాడు. 0.5.

“నీది తప్పేమో అన్నా” అన్నాడు భయంభయంగా.

“అయ్యుండొచ్చు” అన్నాను. “ఇద్దరివీ ఇచ్చేద్దాం. మేడం వచ్చి చూసుకుంటుంది.”

రెండు కాగితాల మీదా సంతకాలు పెట్టాం. పక్క స్తంభానికి జరిగాం.